భద్రపరిచిన సందేశాలు

జ్ఞానమణి ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దింది. అబిడ్స్‌లోని ఒక మిషన్ ప్రెస్సులో ప్రార్థన పుస్తకమైనా, ఆదివారపు బడి పాఠమైనా, పెళ్లి పత్రికైనా ఆమె కళ్లు దాటాకే అచ్చుకు వెళ్లేది. ప్రెస్సు మూతపడ్డాక సికింద్రాబాద్‌లో ఏడాదిపాటు ఇంట్లోనే కూర్చుంది. అప్పుడు చర్చిలో పరిచయమున్న ఇంజనీరు ఆశీష్, "ఆంటీ, మా కంపెనీలో తెలుగు రాసేవాళ్లు కావాలి, వస్తారా?" అని అడిగి తీసుకెళ్లాడు. అది చిరాగ్ అలీ లేన్‌లో మూడో అంతస్తులో ఉన్న చిన్న ఆఫీసు. వాళ్లు చేసిన యాప్ పేరు మాటపెట్టె. రాయడం రానివాళ్లు మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలు, ఆ మాట అవతలివాళ్ల ఫోన్‌కు చేరుతుంది. ఎక్కడైనా చిక్కుకుపోతే చూసుకోవడానికి అందులో 'సహాయం' అనే పేజీలు ఉంటాయి. అవి రాయడమే జ్ఞానమణి పని.

రాయడం రానివాళ్ల కోసం చేసిన యాప్‌లో సహాయం మాత్రం రాతలో ఎందుకుందని రెండేళ్లలో ఆమెకు ఒక్కసారి కూడా తోచలేదు. ఆ తర్వాత ఆమెను ఎక్కువగా తొలిచింది ఇదే.

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున, వాచ్‌మెన్ యూనిఫాంలో ఉన్న ఒక పెద్దమనిషి మూడంతస్తులు మెట్లెక్కి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తలుపు పక్క బల్ల జ్ఞానమణిదే.

"అమ్మా, మాటపెట్టె ఆఫీసు గిదేనా?"

"ఇదేనండీ. ఏం పని మీద వచ్చారు?"

"సర్వర్ల మావి కొన్ని మాటలున్నయమ్మా. తీస్కపోదామని వచ్చిన."

ఆమెకు ఏమీ బోధపడలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చింది. అతను కుర్చీ అంచున కూర్చుని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

పేరు దుర్గయ్య. మెదక్ దిక్కు పల్లె. నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జిలో తొమ్మిదేళ్లుగా వాచ్‌మెన్. భార్య లక్ష్మీనర్సమ్మ ఊళ్లో కూతురు భాగ్య దగ్గర ఉండేది. గేటు దగ్గర ఉన్నంతసేపు ఫోన్ మాట్లాడటానికి లేదు. అందుకని భాగ్య ఇద్దరి ఫోన్లలోనూ మాటపెట్టె పెట్టించింది. లక్ష్మీనర్సమ్మ తీరినప్పుడు మాట్లాడి పంపేది. అతను డ్యూటీ దిగాక లాడ్జి వెనక నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని వినేవాడు. రెండేళ్లు అలా నడిచింది.

"ఏం మాట్లాడేవారు?" అని అడిగింది జ్ఞానమణి.

"ఏముంటయమ్మా... బర్రె పాలియ్యలే. భాగ్య బిడ్డకు పన్నొచ్చింది. నువ్వు చాయ్ బాగ తాగుతున్నవంట, జర తక్కువ జెయ్యి. గివే."

అక్టోబరులో ఆమె పోయింది. కిడ్నీలు పాడయ్యాయి. అప్పటినుంచి దుర్గయ్య ఆమె మాటలు మొదటినుంచి వరసగా వింటున్నాడు. రోజుకు రెండు, మహా అయితే మూడు.

"అన్నీ ఒక్కపారి ఇంటె ఒడిశిపోతయి గదమ్మా" అన్నాడు.

మొన్న శుక్రవారం ఫోన్‌లో ఏదో ఎర్రగా వచ్చింది. భాగ్య పంపే మాటలు రావడం ఆగిపోయింది. దుర్గయ్యకు చదువు రాదు. లాడ్జి కౌంటర్‌లో కూర్చునే రాజనర్సు ఫోన్ తీసుకుని చూసి, జాగా నిండిందన్నాడు. మూల ఉన్న ప్రశ్న గుర్తు నొక్కి, అక్కడ వచ్చింది పైకి చదివాడు. అందులో చెప్పినట్టే దుర్గయ్య నొక్కాడు. ఫోన్‌లో ఉన్న మాటలన్నీ పోయాయి.

"రాజనర్సు తప్పేం లేదమ్మా. ఆయన చదివిండు అంతే. నొక్కింది నేనే."

అతను ఫోన్ తీసి చేతికిచ్చాడు. రాజనర్సు తెరిచిన పేజీ ఇంకా అలాగే ఉంది. జ్ఞానమణికి దాన్ని చదవాల్సిన పని లేదు. 'ఫోన్ నిండిందా? అన్నీ తొలగించు నొక్కండి. భద్రపరిచిన సందేశాలు సురక్షితంగా ఉంటాయి. ఇంకా చదవండి.'

"నేను భద్రంగనే పెట్టుకున్న గదమ్మా" అన్నాడు దుర్గయ్య. "రెండేండ్ల సంది ఒక్కటి సుత తుడ్వలే. ఇగ గవి సర్వర్ల ఉంటయని రాజనర్సు చెప్పిండు. ఆ సర్వర్ ఏడున్నదో చెప్పున్రి. దూరమైతె బస్సెక్కి పోత."

జ్ఞానమణి లేచి లోపలికి, ఆశీష్ దగ్గరికి వెళ్లింది. నంబరు చెప్పి వెతకమంది. అతను వెతికి తల అడ్డంగా ఊపాడు.

"అవతలివాళ్లకు చేరగానే మన దగ్గర నుంచి పోతాయి ఆంటీ. 'భద్రపరచు' మీట ఆన్ చేసుకున్నవాళ్లవే ఇక్కడ ఉంటాయి. ఈయన ఎప్పుడూ చేయలేదు."

"ఆ మీట ఎక్కడుంటుంది?"

ఆశీష్ తన ఫోన్ తీసి చూపించాడు. ఒక తెర, దాని వెనక ఇంకో తెర, మళ్లీ ఇంకోటి. నాలుగో తెరలో, అడుగున.

ఆ పేజీ ఎలా తయారైందో ఆమెకు బాగా గుర్తుంది. మొదట తను రాసింది వేరు. 'ముందుగా ఒక్క మాట. భద్రపరచు మీట ఆన్ చేసి ఉంటేనే మీ మాటలు మా దగ్గర ఉంటాయి. లేకపోతే తొలగించినవి తిరిగి రావు' అని మొదలుపెట్టింది. తెరలు ఎలా ఉండాలో నిర్ణయించే సిద్ధార్థ్ దాన్ని చూసి, "మేడమ్, ఫోన్లో మూడు లైన్లు దాటితే ఎవరూ చదవరు. కాస్త కుదించండి" అన్నాడు. అతను అన్నదీ నిజమే. చోటుకు సరిపడా వాక్యాన్ని బిగించడం ఆమెకు ముప్పై ఏళ్ల విద్య. షరతునంతా 'భద్రపరిచిన' అనే ఒక్క మాటలోకి దించింది. మిగిలింది 'ఇంకా చదవండి' వెనక్కి వెళ్లిపోయింది. ఒక్క మాటలో అంత ఇమిడినందుకు ఆ రోజు ఆమెకు లోలోపల గర్వంగా కూడా అనిపించింది.

తిరిగి వచ్చి దుర్గయ్య ఎదురుగా కూర్చుంది.

"మా దగ్గర లేవన్నా" అంది. 'అన్నా' అనే పిలుపు దానంతటదే వచ్చింది.

"లేవా? మరి మంచిగుంటయని రాసిన్రు?"

"రాసింది నేనే."

దుర్గయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "మీరే రాసిన్రా?"

"ఔ."

అతను కేకలేస్తే బాగుండునని ఆమె అనుకుంది. అతను టోపీని మోకాలి మీద పెట్టుకుని, దాని అంచు సర్దుతూ, "మీరు మంచిగనే రాసి ఉంటరమ్మా. మాకే సమజ్ గాలే" అన్నాడు.

"మీకు సమజ్ కాకపోవడం కాదన్నా. నేను రాసిందే తప్పు."

అప్పటికి ఆశీష్ వెనకే వచ్చి నిలబడ్డాడు. "ఆంటీ, ఆవిడ ఫోన్ ఉందేమో అడగండి. పాత వెర్షన్‌లో పంపినవాళ్ల ఫోన్లో కూడా ఒక కాపీ ఉండిపోయేది" అన్నాడు.

ఫోన్ ఉంది. భాగ్య దగ్గర, ఇనప పెట్టెలో. లక్ష్మీనర్సమ్మ పోయిన రోజు దవాఖాన మెట్ల మీద పడి పగిలింది, అప్పటినుంచి వెలగడం లేదు. ఆ మాట చెబుతూనే దుర్గయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. జ్ఞానమణికి ఆ ఆశ చూస్తేనే భయం వేసింది.

గురువారం నాడు భాగ్య బస్సులో వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొనలు నల్లబడి ఉన్నాయి. ఫోన్‌ను ఒక జాకెట్టు ముక్కలో చుట్టి తెచ్చింది. మొజంజాహీ మార్కెట్ దగ్గర తండ్రీకూతుళ్లను కలుసుకుని, జ్ఞానమణి, ఆశీష్ వాళ్లను అబిడ్స్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే గల్లీకి తీసుకెళ్లారు. అక్కడ వరప్రసాద్ అనే అతను ఆశీష్‌కు తెలుసు. ఫోన్‌ను తిప్పి చూసి, "అద్దం మార్చాలె, బ్యాటరీ ఉబ్బింది. గంటన్నర టైమియ్యున్రి. లోపల బోర్డు బతికుంటె మాత్రం అదృష్టమే" అన్నాడు.

కొట్టు ముందు రెండు స్టూళ్లుంటే ఆడవాళ్లిద్దరూ కూర్చున్నారు. దుర్గయ్య నిలబడే ఉన్నాడు. కాసేపటికి ఎవరూ అడగకుండానే అన్నాడు:

"ఆఖర్ల పదకొండు దినాలు ఆమె నాతోని మాట్లాడలేదమ్మా."

లక్ష్మీనర్సమ్మను మెదక్ దవాఖానలో చేర్చిన వారం అది. ఆదివారం వస్తానని మాటిచ్చాడు. ఆ రోజు రెండో వాచ్‌మెన్ డ్యూటీకి రాలేదు. గేటు వదిలి కదలడానికి లేకపోయింది. ఆ సోమవారం నుంచి ఆమె మాటలు రావడం ఆగిపోయింది. భాగ్యకు ఫోన్ చేస్తే, మంచిగనే ఉంది, పండుకుంది అనేది.

"గుస్సైంది అనుకున్న. కావాల్నంటె మాట్లాడుతది గదా అని నేను సుత ఊకున్న. తర్వాత నేను పోయేటాళ్లకు తెలివి లేదు."

"నీకెన్నిపార్లు చెప్పిన నాయినా" అంది భాగ్య. "అమ్మ ఫోన్ల మాట్లాడుతుంటె నా కండ్లతోని చూసిన. పోతున్నయనే అనుకున్న."

దుర్గయ్య గల్లీ వైపు తిరిగాడు. కూతురు తన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అలా చెబుతోందని అతను నాలుగు నెలలుగా అనుకుంటున్నాడని జ్ఞానమణికి అర్థమైంది.

మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ వెలిగింది. తెర మీద మల్లెపూల బొమ్మ కనబడగానే భాగ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆశీష్ మాటపెట్టె తెరిచాడు. 'పంపినవి' నొక్కాడు. ఏమీ లేదు. తారీఖులు చూసి, జ్ఞానమణి వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"ఆవిడ మాటలు ఆగిన ఆ సోమవారం పొద్దునే ఇందులో కొత్త వెర్షన్ దిగింది ఆంటీ. అది దిగగానే పాత కాపీలు చెరిపేసింది. చిన్న ఫోన్లలో జాగా మిగలాలని అలా చేశాం."

ఆ మాట దుర్గయ్యకు ఎలా చెప్పాలా అని ఆమె తడబడుతుండగా ఆశీష్ వేలు ఇంకోచోట ఆగింది.

"పంపకుండా ఉండిపోయినవి తొమ్మిదున్నాయి."

"అంటె?" అన్నాడు దుర్గయ్య.

"మాట్లాడారు, కానీ బయటికి పోలేదు."

మొదటిది నొక్కాడు. దవాఖాన వార్డు చప్పుడు వినిపించింది. ఎవరో దగ్గుతున్నారు. ఆ తర్వాత సన్నగా, ఆయాసపడుతూ ఒక గొంతు:

"ఏమయ్యా, ఇంటున్నవా? పొద్దుగాల సూదేసిన్రు. భాగ్య బీడీల కాడికి పోయింది... గిదేంది? గిదేందో అచ్చె. అక్షరాలచ్చి అడ్డం నిలబడ్డయి. నొక్కేది కనిపిస్తలేదు. ఓ సిస్టరమ్మా, జర గిది సూడరాదే... పోయింది. ఎవలు లేరు."

అక్కడితో ఆగిపోయింది. జ్ఞానమణి స్టూలు అంచు పట్టుకుంది. కొత్త వెర్షన్ మొదటిసారి తెరిచినవాళ్లకు తెరకు అడ్డంగా ఒక సహాయం పలక వచ్చేలా పెట్టారు. అందులోని మాటలూ ఆమెవే. మూల ఉన్న చిన్న అక్షరాలు నొక్కితే తప్ప అది పోదు. పంపే బాణం గుర్తు సరిగ్గా దాని కిందే ఉంటుంది.

రెండోదానిలోనూ అదే తంటా. మూడోదానికి ఆమె ఆ అక్షరాలను పట్టించుకోవడం మానేసింది. వాటి వెనకనుంచే మాట్లాడుతోంది.

"పోయిందో లేదో తెల్వది. పోయినట్టే ఉన్నది. ఐతారం రాలేదని నేనేమనుకోలేదు. ఇంకొకడు రాకపోతె నువ్వు మాత్రం ఏంజేస్తవ్. తిన్నవా?"

అయిదోది చిన్నది.

"నువ్వెందుకు మాట్లాడ్తలేవయ్యా? నేనేమన్న అన్ననా? కోపముంటె తిట్టు. ఊకోకు. నాకీడ పొద్దు పోతలేదు."

దుర్గయ్య చెయ్యి చాపి ఫోన్‌ను ఆశీష్ దగ్గర నుంచి తీసుకున్నాడు. "ఇగ చాలు. మిగిలినయి నేను ఒక్కన్నే ఇంట" అన్నాడు. గోడకు ఆనుకుని, జారినట్టుగా కింద కూర్చున్నాడు. భాగ్య వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది. గల్లీలో జనం వాళ్లను తప్పుకుని పోతున్నారు. వరప్రసాద్ పక్క కొట్టులో మోగుతున్న పాటలు ఆపమని సైగ చేశాడు.

దుర్గయ్య తలెత్తాడు.

"అమ్మా, అడ్డమొచ్చిన అక్షరాలని అన్నది గదా. గందుల ఏమున్నది?"

చెప్పకుండా ఉండటానికి లేదు. జ్ఞానమణి చెప్పింది. "ఇప్పుడు మాట్లాడటం మరింత సులువు. కొత్త బటన్లు చూడండి. తర్వాత 'అర్థమైంది' నొక్కండి."

"అర్థమైంది అని నొక్కాల్నా?"

"ఔ."

"మరి అర్థం గాకపోతె ఏది నొక్కాలె?"

అలాంటి మీట లేదు. అది ఉండాలని ఎవరూ అనుకోలేదు. ఆమె ఎంత ఆపుకున్నా కళ్లలో నీళ్లు ఆగలేదు. "క్షమించన్నా" అంది.

"మీరేం కావాల్నని చేసిన్రా" అన్నాడతను. కానీ ఆమె వైపు చూడలేదు.

మర్నాడు ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి ఆ మూడో మాటను, అయిదో మాటను వినిపించాలని జ్ఞానమణికి ఉండింది. రాత్రంతా అదే ఆలోచించింది. పొద్దున్నే లాడ్జికి వెళ్లి దుర్గయ్యను అడిగింది. అతను వెంటనే వద్దన్నాడు.

"గవి నాకు చెప్పిన మాటలమ్మా. నాకే చేరలే. మీ మీటింగుల ఎట్ల ఇనిపిస్తరు?"

ఆమె ఆఫీసుకు వచ్చి తన నోటితోనే జరిగింది చెప్పింది. ప్రమాదం ఉన్నచోటే హెచ్చరిక ఉండాలని, దాన్ని ఇంకో పేజీ వెనక దాచకూడదని, చదవలేనివాళ్లకు అది వినబడాలని, దారికి అడ్డం నిలబడేది సహాయం కాదని చెప్పింది.

"మూడు లైన్లని చెప్పింది నేను మేడమ్" అన్నాడు సిద్ధార్థ్.

"ఆ మూడు లైన్లలో ఏది ఉంచాలో చూసుకోవాల్సింది నేను" అంది ఆమె.

అన్నీ మారలేదు. సహాయం పేజీలన్నిటికీ గొంతు పెట్టాలంటే ఏడాది పడుతుందన్నారు. తెరకు అడ్డం వచ్చే పలక ఎక్కడ ముట్టుకున్నా పోయేలా చేయడానికి నెల పట్టింది. ఒక్క 'అన్నీ తొలగించు' దగ్గర మాత్రం సిద్ధార్థ్ పట్టుబట్టి వారంలో మార్పించాడు. అది నొక్కగానే ఇక ఏదీ చెరిగిపోదు. ముందు ఒక మనిషి గొంతు మాట్లాడుతుంది.

ఆ గొంతు ఏం చెప్పాలో రాయడానికి జ్ఞానమణి కూర్చుంది. రాసినకొద్దీ అచ్చు పుస్తకంలా వస్తోంది. కొట్టేసింది. సాయంత్రం మళ్లీ నాంపల్లి వెళ్లి దుర్గయ్య డ్యూటీ దిగేదాకా స్టేషన్ బయట నిలబడింది.

"ఆ రోజు ఏమని చెబితే మీరు ఆగేవారన్నా?"

అతను నడుస్తూ నడుస్తూ ఆగి, ఆలోచించాడు.

"గివి పోతె మళ్ల రావు. పోయినోళ్ల మాటలుంటె ఒకపారి చూస్కో. గట్ల చెప్తె ఆగుదునేమో."

ఆమె ఆ మాటలను ఒక్క అక్షరం కూడా దిద్దకుండా రాసుకుంది. తన గొంతుతోనే చదివి రికార్డు చేసింది. ఇది మామూలు తెలుగు కాదు కదా అని ఆఫీసులో ఒకరిద్దరు అన్నారు. సిద్ధార్థ్ అలాగే ఉండనిమ్మన్నాడు.

ఆ గొంతు అందరి ఫోన్లలోకి వెళ్లిన రోజు జ్ఞానమణి దుర్గయ్యకు చెప్పడానికి వెళ్లింది. అతను లాడ్జి వెనక ట్యాంకు పక్కన కూర్చుని ఉన్నాడు. విని, "మంచిగైందమ్మా" అన్నాడు. తను మాత్రం మాటపెట్టె వాడటం మానేశాడు. భాగ్య పొద్దున డ్యూటీకి ముందు నేరుగా ఫోన్ చేసి మాట్లాడుతోంది. భార్య ఫోన్ అతని చొక్కా జేబులో ఉంది. నెట్ లేకుండా, ఏదీ దానంతటది దిగకుండా ఆశీష్ సరిచేసి పెట్టాడు. తొమ్మిది మాటలనూ వేరే కార్డులో కూడా ఎక్కించి భాగ్యకు ఇచ్చాడు.

"అన్నీ విన్నారా?" అని అడిగింది జ్ఞానమణి.

"ఏడు ఇన్న. రెండున్నయి."

ఎప్పుడు వింటారని ఆమె అడగలేదు. అతను ఫోన్ తీసి, తెర తుడిచి, కాసేపు పట్టుకున్నాడు.

"గిది ఇగ మళ్ల కొత్తగ గాదు గదమ్మా?"

"కాదన్నా."

"గట్లనే ఉండనీ" అని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.